సుంకమ్మకు లేచిన చేతులు

1983లో నేను నంద్యాలలో మంచినీళ్ళ పథకం సూపర్‌వైజర్‌ని. విదేశీ సాయంతో ఆళ్ళగడ్డ పక్క పల్లెల్లో హ్యాండ్ పంపులు వేయించేవాళ్ళం. ఊళ్ళలో వాటిని బోరింగులనేవాళ్ళు. సాయమిచ్చే వాళ్ళ కాగితంలో రెండు షరతులు ఉండేవి. పంపు చూసుకునే మనిషిని, అంటే కేర్‌టేకర్‌ని, ఊరంతా కూర్చుని చేతులెత్తి ఎన్నుకోవాలి. ఆ మనిషి పంపును శుభ్రంగా ఉంచి, నెలనెలా రిపోర్టు రాసి పంపాలి. రెండూ మంచివే. ఒకదానికొకటి అడ్డం వస్తాయని నాకు తట్టలేదు.

ఒక ఊళ్ళో సభ పెడితే సుంకమ్మకు చేతులు లేచాయి. కూలికి పోయే మనిషి, యాభై దాటాయి, అక్షరం ముక్క రాదు.

“రిపోర్టు ఎవరు రాస్తారమ్మా?” అన్నాను.

“రాసేది నీకొచ్చు, బోరింగు కొట్టేది నాకొచ్చు. ఇంగేం గావల్ల సారూ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, నంద్యాల వచ్చి ఫారంలో శేషయ్య పేరు రాశాను. శేషయ్య అదే ఊరి రైతు, చదువుకున్నవాడు. పైవాళ్ళు నిన్నే ఉండమన్నారని అతనికి అబద్ధం చెప్పాను.

మనిషి చెడ్డవాడు కాదు. పంపు చుట్టూ సిమెంటు గట్టు రోజూ కడిగించేవాడు. పిల్లలు ఊగి పాడుచేస్తున్నారని హ్యాండిల్‌కు గొలుసు వేసి తాళం పెట్టాడు. పొద్దున ఏడింటికి తీసి తొమ్మిదికి వేసేవాడు, మధ్యాహ్నం ఒక గంట తీసేవాడు. రిపోర్టు చక్కని దస్తూరీతో వచ్చేది. మంచి పాలన అంటే ఇదేనని నేను దాన్ని ఆఫీసులో అందరికీ చూపించుకునేవాణ్ణి.

ఏడాది తర్వాత, సాయమిచ్చే సంస్థ నుంచి ఒక దొర వచ్చాడు. ఆయన మాట తెలుగులో, ఊరి మాట ఇంగ్లీషులో చెప్పేది నేనే. గట్టు చూసి మురిసిపోయి, శేషయ్యను మీరే ఎన్నుకున్నారా అని ఆడవాళ్ళను అడిగాడు. సుంకమ్మ ముందుకొచ్చింది.

“చేతులెత్తింది నాకు. రాసుకునింది ఆయప్ప పేరు. తెల్లారకముందే మేం చేనికి పోతాం, అప్పుడు తాళం. పొద్దుగూకి వస్తాం, అప్పుడూ తాళమే. ఇంటి ముందర బోరింగు పెట్టుకోని వాగులో చెలమనీళ్ళు తోడుకుంటాండాం. ఆ నీళ్ళు తాగి నా మనవరాలు ఆళ్ళగడ్డ ఆస్పత్రిలో నాలుగు దినాలు పండుకునింది. చెప్పు దొరకు.”

దొర నావైపు చూశాడు. “అవునంటోంది. అందరూ సంతోషంగా ఉన్నారట,” అని ఇంగ్లీషులో చెప్పాను.

“ఏందప్పా, నేను అంత చెప్తే నువ్వు ఇంతేనా చెప్పేది?” అంది సుంకమ్మ.

జీపులో నంద్యాల చేరేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పలేదు. ఉద్యోగం భయం ఒక్కటే కాదు, ఆయన మెచ్చుకోలు నాకు తియ్యగా ఉంది.

వారం తర్వాత ఒక్కణ్ణే బస్సెక్కి పోయి, ఊరిని కూర్చోబెట్టి చేసిందంతా చెప్పాను. శేషయ్య మొహం ఎర్రబడింది. “పైనోళ్ళు చెప్పినారని నువ్వే గదా సార్ అనింది? నాకేం మోజా ఈ తాళం?” అని, తాళంచెవిని తనే సుంకమ్మ చేతిలో పెట్టాడు.

మళ్ళీ చేతులెత్తించాను. మళ్ళీ ఆమెకే.

“ఈసారన్నా నా పేరు రాయి సారూ. మరిచిపోతావేమో, బస్సెక్కేదాకా ఎంటొచ్చి చెప్తా పా,” అంది. నిజంగానే వచ్చింది. దోవలో తినమని నాకు రెండు జొన్నరొట్టెలు కట్టిచ్చింది కూడా.

జరిగిందంతా చెప్పి దొరకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

సుంకమ్మ చేతికొచ్చాక గట్టు మీద బురద చేరింది. ఎవరో గేదెను అక్కడే కడిగారు. పంపు చైన్ తెగి పది రోజులు మూలపడింది. ఆమె చెబుతుంటే రిపోర్టు నేనే రాసేవాణ్ణి, పైవాళ్ళు దానికి వేసే మార్కులు తక్కువే వచ్చేవి. ఫారంలో శుభ్రతకు ఒక గడి ఉండేది. నీళ్ళు ఎవరికి, ఏ వేళకు అందాయో రాయడానికి గడి లేదు. తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం ఆ పంపు దగ్గర బిందెల చప్పుడు వినిపించేది.

ఊరు ఎన్నుకున్న మనిషికి పని రాకపోతే నేర్పించడమే నా ఉద్యోగం. చైన్ ఎక్కించడం ఆమెకు నేర్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. పేరు మార్చి రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. మంచి పాలన అని నేను చెప్పుకున్నది చాలావరకు నా సులువు కోసమే.