ముక్కులోకి దిగిన తాడు

1987లో నేను తెనాలి దగ్గర ఒక పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవన్నీ గేదెలూ దుక్కిటెద్దులే. గుర్రాల గురించి చదువుకున్నదంతా పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఒకరోజు కొలకలూరు రైతు సాంబయ్యగారు వచ్చి, తన చేలో మూడు నాటు గుర్రప్పిల్లలున్నాయనీ, ఒకదాని ముక్కు మీద పుండు పడిందనీ చెప్పారు. జట్కా మానేసిన ఒకాయన దగ్గర కొన్నారట. వాటిని పాలబండికి కట్టాలని ఆయన ఆశ.

వెళ్ళి చూశాను. దానికి పసితనంలో హాల్టర్ వేశారు. అంటే తలకీ ముక్కుకీ చుట్టి కట్టే తాడు. పిల్ల పెరిగింది, తాడు పెరగదు కదా. ముక్కు మీద చర్మంలోకి దిగిపోయి, చుట్టూ రసి కారుతోంది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారండి?" అన్నాను.

"దగ్గరికి రానిస్తేగా డాక్టరమ్మగారూ. నలుగుర్ని పిలుస్తాను. కాళ్ళు కట్టి పడేద్దాం."

పడేస్తే మెడో కాలో విరగొచ్చని చెప్పాను. గుర్రానికి పనికొచ్చే మత్తుమందు మా దగ్గర లేదు. మిగిలింది ఒక్కటే దారి. దాన్ని 'అప్రోచ్ అండ్ రిట్రీట్' అంటారు. నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి, అది బెదిరేలోపే మనమే వెనక్కి తగ్గడం. కానీ మరీ ఆలస్యమైతే పుండులో పురుగులు పడతాయి. గుర్రాలకు టెటనస్ భయం కూడా ఎక్కువ.

రోజూ సాయంత్రం ఆసుపత్రి కట్టేశాక కొలకలూరు వెళ్ళేదాన్ని. నేను గుప్పెడు పిల్లిపెసర మేత పట్టుకుని నిలబడితే, కంచె అవతల సాంబయ్యగారు దారినపోయే ప్రతివాడికీ నా వైద్యం వర్ణించి చెప్పేవారు. ఆయన గొంతు లేచినప్పుడల్లా పిల్ల చేను చివరికి పరిగెత్తేది. రేపల్లె నుంచి వచ్చిన వాళ్ళ చుట్టాలు కూడా వరసగా నిలబడి చూశారు. అయినా మూడో సాయంత్రానికి నా చేతిలోని మేత అందుకుంది.

నాలుగో రోజు వెళ్ళేసరికి కంచె కూలి ఉంది. పిల్ల కాలవ గట్టు మీద ఒళ్ళంతా చెమటతో వణుకుతోంది.

"మీకు శ్రమెందుకని, మీరొచ్చేలోపు నలుగుర్ని పిలిచి మేమే పట్టేద్దామనుకున్నామండి," అన్నారు సాంబయ్యగారు.

"నాకు శ్రమ మీరేనండి. మూడు రోజుల పని మూడు నిమిషాల్లో నాశనం చేశారు," అన్నాను. ఇంకా చాలానే అన్నాను. ఆయన తల వంచుకుని విన్నారు.

మళ్ళీ మొదటికొచ్చాం. ఎనిమిదో రోజుకు చెంప నిమరనిచ్చింది. వేలు ముడికి తగిలింది. కత్తెర నా జేబులోనే ఉంది. వారం రోజుల తిరుగుడుతో విసిగిపోయి ఉన్నాను, బస్సుకు వేళవుతోంది. ఒక్క కత్తిరింపే కదా అనుకుని ఎడంచేత్తో తాడు గట్టిగా పట్టుకున్నాను. పిల్ల వెనక్కాళ్ళ మీద లేచింది. నేను పక్కనున్న నీటి బోదెలో పడ్డాను. భుజం పట్టేసింది.

సాంబయ్యగారు వచ్చి నన్ను లేవదీశారు. "మొన్న నన్ను తిట్టారు కదండి," అన్నారు మెల్లగా.

బురద తుడుచుకుని బస్సుకు బయల్దేరాను.

మూడు రోజులు వెళ్ళలేదు. భుజం నొప్పి అని చెప్పాను గాని, సిగ్గే ఎక్కువ. నాలుగో రోజు ఆయనే ఆసుపత్రికి వచ్చారు.

"కత్తెర తెచ్చుకోండి డాక్టరమ్మగారూ. ఇప్పుడు మెడ గోకనిస్తోంది."

"ఎలాగండి?"

"మూడు రోజులు పొద్దస్తమానం చేలో మంచం వేసుకుని, మాట్లాడకుండా కూర్చున్నానండి. మా ఆవిడ నాకేదో జబ్బు చేసిందనుకుంది."

ఆయన జూలు కింద గోకుతుంటే నేను మొద్దు మొన కత్తెర తాడు కిందికి దూర్చాను. అది తల విదిలించినప్పుడల్లా ఇద్దరం వెనక్కి తగ్గాం. నాలుగోసారికి తాడు తెగింది. చర్మానికి అంటుకున్నదాన్ని గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి తీస్తుంటే కంపు భరించలేకపోయాం. పిల్ల మాత్రం కదల్లేదు. పుండు కడిగి, మందు రాసి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చాను. నెలలోపే మానింది. ఆ గీత మీద వెంట్రుకలు మళ్ళీ రాలేదు. తర్వాత అది పాలబండి లాగింది, సాంబయ్యగారి చేతి కింద మాత్రమే.

తొందర రైతులదీ ఓపిక మా డాక్టర్లదీ అని అంతవరకూ నా నమ్మకం. బెదిరిన పిల్ల ముందు ఆయన నలుగురు మనుషులకీ నా ఎడంచేతికీ తేడా ఏమీ లేదు. పని అయిపోవచ్చిందనిపించినప్పుడే నాకు ఓపిక చస్తుందని ఆ కేసుతో తెలిసింది. అప్పటినుంచీ అలా అనిపించిన రోజున చెయ్యి వెనక్కి తీసుకుని, మర్నాడు మళ్ళీ వెళ్తున్నాను.