ఏడాదికి సరిపడా జామ్

మా ఆవిడ మీద ఒట్టు, ఆవకాయ జాడీ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను కోతలు కోస్తానని టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలుసు కనుకనే రెండు ఒట్లు పెట్టాను.

మొన్న ఆదివారం రిచ్‌మండ్ హిల్‌లో మా బావమరిది ఇంట్లో ఆవకాయ కలుపుతుంటే, బయట కారు అద్దం మీద ఎవడో మీ దేశానికి పొండని రాసిపోయాడని వాళ్ళమ్మాయి వచ్చి చెప్పింది. బావమరిది వెళ్ళి తుడిచేసి వచ్చి, "ఈ పిచ్చి నాలుగు రోజులుంటుంది బావా, అదే పోతుంది," అంటూ జాడీకి వాసెన కట్టేశాడు. ఆ మాటతో నాకు ఎటోబికోలో మేం అద్దెకున్న ఇంటి ఓనరావిడ గుర్తొచ్చింది.

కొత్తగా వచ్చిన రోజుల్లో, మీలో చాలామందిలాగే మేమూ బేస్‌మెంట్‌లోనే కాపురం పెట్టాం. పైన ఉండేది జర్మనీలో పుట్టిన యూదు ముసలావిడ, ఒంటరి మనిషి. మొదటి వేసవిలో మా ఆవిడ ఆవకాయ పెడుతుంటే, ఘాటుకి తుమ్ముకుంటూ కిందికి దిగి, ఇది ఎన్నాళ్ళు నిలవుంటుందని అడిగింది. ఏడాది అన్నాం. "ఏడాదిదాకా ఇక్కడే ఉంటారని మీకెవరు చెప్పారు?" అంది. ఇల్లు ఖాళీ చేయమంటోందేమోనని హడలిపోయాను.

అసలు సంగతి తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ప్లమ్ పళ్ళ కాలం రాగానే వాళ్ళ నాన్న పెద్ద రాగి గుండిగ పొయ్యి మీదికెక్కించి, రోజంతా గరిటె తిప్పుతూ ఏడాదికి సరిపడా జామ్ కాచేవాడట. నాజీలు గద్దెనెక్కి, వాళ్ళ బట్టలకొట్టుకి ఎవరూ రాకుండా గుమ్మంలో మనుషుల్ని నిలబెట్టిన ఏడు, వాళ్ళమ్మ ఈసారి పళ్ళు కొనొద్దు, వెళ్ళిపోదాం అంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం కోసమే కాలు కుంటిదైన ఆ పెద్దమనిషి, పెళ్ళానికి ఒక్క మాటా చెప్పకుండా, ఎప్పటికన్నా రెట్టింపు పళ్ళు దింపించాడు. ఇల్లు రెండైంది. ఈవిడ అన్నయ్య తండ్రి పక్కన నిలబడి గరిటె అందుకున్నాడు, ఈవిడేమో తల్లి పక్కకి చేరింది. సీసాలు నిండాక తల్లీకూతుళ్ళు ఇంగ్లండులో మేనమామ దగ్గరికి బయల్దేరితే, రైలు దగ్గర ఆయన, ఈ జామ్ అయిపోయేలోగా ఈ పిచ్చి దిగిపోతుంది, మీరే తిరిగొస్తారని నవ్వాడట. తండ్రినీ అన్ననీ ఒకే రైల్లో చావుకి తీసుకుపోయారని రెండో యుద్ధం ముగిశాకగానీ తెలియలేదు. ఆ గరిటె లాక్కోలేకపోయానే అని వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ ఏడ్చిందట.

పోవడానికి ముందటి ఏడు ఆ ముసలావిడ ప్లమ్ పళ్ళు తెప్పించి, మా ఆవిడ చేత జామ్ కాయించి, మాకో సీసా ఇచ్చిందనీ, దాని మూత ఇంతవరకూ తీయలేదనీ పార్టీల్లో చెబుతుంటాను. ఆంటీలు కళ్ళొత్తుకుంటారు.

ఆ సీసా అబద్ధం. మొన్న బావమరిదికి ఈ కథ చెబుతూ సీసా దాకా వచ్చి, ఎందుకో అది చెప్పకుండానే కథ ముగించేశాను. ఆవిడ ఎన్నడూ జామ్ చేయలేదు. పోయాక వంటింటి అలమరాలు తెరిస్తే, వారానికి మించి నిలవుండే వస్తువు ఒక్కటీ లేదు.

అప్పట్లో మా బేస్‌మెంట్‌లో ఉన్నది ఒకే ఒక్క జాడీ, అయినా వచ్చే ఏడు ఈ దేశంలో ఉంటామా అన్న అనుమానం మాకెప్పుడూ రాలేదు. ఇప్పుడు సొంతిల్లు, అలమరా నిండా జాడీలు. మొన్న తిరుగుదారిలో, మా వాటా జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ, వచ్చే ఏడు కాస్త ఎక్కువ పెడదామా అని అడిగింది. దేనికైనా అబద్ధం అల్లగల నేను, ముందు ఈ జాడీ అవనీ, చూద్దాం అన్నాను.