పాత బండికి పరాయి ఇంజను

మా పక్క షెడ్డులో బండ్లు బాగుచేసే మేస్త్రీని అందరూ అనుమానం అని పిలుస్తారు. బిగించిన నట్టునే మూడుసార్లు బిగిస్తాడు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక కూడా లేచొచ్చి నాలుగోసారి చూస్తాడు. పంక్చర్లు వేసుకునే నాకు ఆ చాదస్తం చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా నా స్కూటరు మాత్రం అతని చేతికే ఇస్తాను.

అతని చెల్లెలు పికప్‌లో మంచినీళ్ల క్యాన్లు వేసి బతుకుతోంది. ఆ బండి పెట్రోలు ఇంజను చచ్చిపోయింది. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. తుక్కు దుకాణంలో వేరే కంపెనీ డీజిల్ ఇంజను కనిపిస్తే తెచ్చాడు. అది దీనికి పట్టదని నేను వెక్కిరించాను. అతను మూడు వారాలు ఇల్లూ వాకిలీ మరిచి, ఇంజను కూర్చునే పట్టీలు కోసి కొత్తవి వెల్డింగు చేశాడు. పాత గేరుబాక్సుకు కలిసేలా మధ్యలో ఇనప పలక పెట్టాడు. సందులో ఖాళీ బండిని మెల్లగా రెండుసార్లు తిప్పి, మర్నాడు పొద్దున్నే చెల్లెలికి తాళం ఇచ్చాడు.

ఆమె డెబ్బై క్యాన్లతో వెళ్లిన కాసేపటికి, పాత ఇంజన్ని మూలకు జరుపుతున్నవాడు ఆగిపోయాడు. దాన్నుంచి లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతోంది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెట్రోలు ఇంజను గాలి పీలుస్తున్నప్పుడు ఆ గొట్టమే బ్రేకుకు బలం ఇస్తుందట. డీజిల్ ఇంజను అలా ఇవ్వదు, వేరే పంపు పెట్టాలి. అతను పెట్టలేదు. బరువుతో ఉన్న బండి మామూలుగా తొక్కితే ఆగదు.

ఆమె రోజూ మొదట నీళ్లు దించేది వాలు కింద ఉన్న బడిలో. ఫోను చేశాడు. ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోను ముట్టొద్దని ఒట్టు వేయించుకున్నది ఇతనే. మళ్లీ చేశాడు. నా స్కూటరు మీద ఇద్దరం బయల్దేరాం. నేనే నడిపాను. దారిలో ఒకచోట జనం గుమిగూడి కనిపిస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కూరగాయల బండి దగ్గర బేరాలాడుతున్నారు, అంతే.

తొందరగా పోనీ, పోనీ అంటూ వచ్చినవాడు వాలు దగ్గరికి రాగానే ఆపమన్నాడు.

“నువ్వు చూసి చెప్పు. నావల్ల కాదు.”

నాకూ చూడాలని లేదు. చూశాను. బండి గోడను రాసుకుంటూ పోయి, బడి గేటుకు పదడుగుల ఇవతల ఇసుక కుప్పలో దిగబడి ఉంది. క్యాన్లు రోడ్డంతా దొర్లాయి. ఆమె కుడి మోకాలు పట్టుకుని బండి మెట్టు మీద కూర్చుంది. బాగానే ఉంది, రమ్మని అతన్ని కేకేశాను.

అన్నను చూడగానే తనే తప్పు చేసినట్టు లేచి నిలబడింది. బండి పక్కంతా గీసుకుపోయింది, కోప్పడొద్దంది.

“బ్రేకు గట్టిగా ఉందని మన వీధి మలుపులోనే తెలిసింది అన్నయ్యా. నువ్వు అన్నీ చూసే ఇచ్చుంటావు కదా, ఈ ఇంజనుకి ఇంతేనేమో అనుకున్నా. రెండు కాళ్లతో తొక్కాను.”

అతను ఆమె కాళ్ల దగ్గర ఇసుకలో కూలబడ్డాడు.

“ఈసారి తేడాగా అనిపిస్తే ఆపెయ్యమ్మా. అన్నయ్య చూశాడులే అనుకోకు. నేను చూడలేదు.”

అప్పటిదాకా కంట తడి పెట్టని మనిషి, ఆ మాట విన్నాక ఏడ్చింది.