ఏడో హోల్ దగ్గర నీలం కర్ర

మా బావ టేపు పట్టుకుని ఎరగడు. గోల్ఫ్ మైదానంలో ఇరవై రెండేళ్ళు గడ్డి కోసే బండి నడిపాడు. ఎక్కడ ఏది కొలవాలన్నా పాదం ముందు పాదం పెట్టుకుంటూ పోయి లెక్క చెప్పేసేవాడు. ఇంజనీరు టేపు పరిచి చూస్తే జానెడు తేడా కూడా వచ్చేది కాదు. అందుకే అందరూ ఆయన్ని ‘అడుగులాయన’ అనేవారు. పెళ్ళైన కొత్తలో మా ఇంటికొచ్చి, గది ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి, ‘మీరు కొన్న మంచం తలుపుకి అడ్డం వస్తుంది’ అన్నాడు. వచ్చింది. మా అక్క ఆ సంగతి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

నేను అదే మైదానంలో పంపు ఆపరేటర్ని. చెరువులోంచి నీళ్ళు తోడి పచ్చికకి పెట్టడం నా పని. ఆ ఉద్యోగం బావ పెట్టించిందే. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన స్థానంలో నేనుంటే రోజుకి రెండుసార్లు గుర్తు చేసేవాణ్ణి.

బయటివాళ్ళు గోల్ఫ్ మైదానాన్ని చూసి ఎంత పచ్చగా ఉందో అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పచ్చదనం మాకు సంచుల్లో వస్తుంది. ఎరువు, కలుపు మందు, పురుగు మందు. గట్టివాన కురిస్తే అదంతా జారి చెరువులో పడుతుంది. ఒక ఏడాది చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. రెండు రోజులపాటు వాటిని వలతో తోడి పాతిపెట్టింది బావా నేనూ. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సరిగ్గా ముట్టలేదు.

ఆ తర్వాత ఆయన మైదానం నడిపే కమిటీ గదికి వెళ్ళి, బంతి పడాల్సిన ఏడో హోల్ పక్కన చెరువు గట్టు వెంట యాభై అడుగుల గడ్డి కోయకుండా, మందు కొట్టకుండా వదిలేయమని అడిగాడు. ఎత్తుగా పెరిగిన గడ్డి మందునీళ్ళని పట్టి ఆపుతుందని ఆయన లెక్క. పొడుగు గడ్డిలో బంతులు పోతాయని వాళ్ళు కొట్టిపారేశారు. ఆయన వదల్లేదు. చివరికి సెక్రటరీ విసిగిపోయి ఒప్పుకున్నాడు.

“ఈ ఒక్క సీజన్ చూద్దామయ్యా. అక్కడ పిట్టలు పిల్లల్ని చేస్తే పర్యావరణం సర్టిఫికెట్ వాళ్ళకి చూపించుకుంటాం, గడ్డి ఉంచేద్దాం. లేదంటే నీళ్ళ దాకా కోసేయ్.”

మూడు వారాలకి తీతువుల జంట ఒకటి వచ్చింది. అంత గడ్డి వాటికోసమే వదిలిపెడితే, ఆ పిచ్చిది దాని పక్కన, బండి తిరిగే చోటే నేల మీద చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెట్టింది. గులకరాళ్ళలా ఉంటాయి. చూపించినా కనపడవు. బావ వాటి చుట్టూ నాలుగు నీలం కర్రలు పాతాడు. ఫొటోల్లో మైదానం అందం చెడుతోందని, ఒక్క కర్ర చాలని కమిటీ వాళ్ళు మూడు పీకించారు.

మిగిలిన ఆ ఒక్క కర్రని బావ గుడ్లకి అడుగు దూరంలో పాతాడు. దాని చుట్టూ పదడుగుల మేర బండి తిప్పకూడదు. ఆటగాడి బంతి ఆ పదడుగుల్లో పడితే, పాయింటు పోకుండా తీసి బయట పెట్టుకోవచ్చు. ఇదీ ఒప్పందం.

రోజూ పని దిగాక బావ పంపు గది దగ్గర కూర్చుని కళ్ళలో వత్తులు వేసుకుని ఆ పిట్టల్ని చూసేవాడు. దగ్గరికి ఎవరు వెళ్ళినా అవి అరిచి గోల చేసేవి.

“మీ అక్క నయంరా. కాసేపటికి ఆపుతుంది” అనేవాడు.

గుడ్లు పొదగడానికి ఇరవై ఎనిమిది రోజులన్నారు. ఇరవై ఆరో రోజు సాయంత్రం నేను మోటారు కట్టేస్తున్నాను. సెక్రటరీ ఒక్కడే ఆడుకుంటూ వచ్చాడు. బంతి ఎగుడుదిగుడు చోట పడింది. అటూ ఇటూ చూశాడు. వెళ్ళి నీలం కర్ర పీకి, తన బంతి పక్కన గుచ్చి, అది ఆ పదడుగుల్లోనే పడ్డట్టు బంతి తీసి మంచి చోట పెట్టుకుని కొట్టాడు. కర్ర తిరిగి పెట్టకుండా వెళ్ళిపోయాడు. పాత చోటికీ కొత్త చోటికీ మధ్య ఇరవై అడుగులుంటుంది. ఇవన్నీ నేను కిటికీలోంచి చూశాను.

ఆయన వెళ్ళాక సరిచేద్దామనుకున్నాను. మోటారు దగ్గర నీళ్ళు కారుతున్నాయి, అది బిగించాను. చెయ్యి కోసుకుంది. కట్టు కట్టుకుని సైకిలెక్కి ఇంటికెళ్ళిపోయాను. అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదో చెప్పాలని చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

పొద్దున నేను వచ్చేసరికి మంచు ఇంకా విడలేదు. బండి చప్పుడు ఆగిపోయి ఉంది. బావ బండి దిగి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల్లిపిట్ట ఆయన నెత్తి మీద తిరుగుతూ అరుస్తోంది. అది ఎప్పుడూ అరిచేదే కాబట్టి, ‘వెళ్తున్నాలే తల్లీ’ అనుకుంటూ, మంచులో కనిపించిన కర్రకి పదడుగులు వదిలి బావ బండి తిప్పాడట. చక్రం మూడు గుడ్ల మీద ఎక్కింది. నాలుగోది చిట్లింది. అందులో పిల్ల కాసేపు కదిలింది.

బావ లేచి, గూటి దగ్గర్నుంచి కర్ర దాకా పాదం ముందు పాదం పెట్టుకుంటూ నడిచాడు. తిరిగొచ్చాడు. మళ్ళీ నడిచాడు.

“ఇరవై ఒకటిరా. ఒరిగిందని నిన్న మధ్యాహ్నం మళ్ళీ పాతింది నేనే. ఎక్కడ పాతానో నాకే తెలీలేదు. నా బుర్ర ఏమైంది?”

“మంచు కదా బావా” అన్నాను.

అప్పుడు చెప్పాల్సింది. సెక్రటరీ పేరు ఎత్తితే నా ఉద్యోగం ఏమవుతుందో అన్నది మొదటి భయం. చూసి కూడా ఎందుకు ఊరుకున్నావని బావ అడుగుతాడేమో అన్నది అసలు భయం.

ఆ మధ్యాహ్నం ఆయనే కమిటీ గదికెళ్ళి, ‘తప్పు నాదే, అడుగు తప్పింది’ అన్నాడు. సెక్రటరీ భుజం తట్టి, వయసు మీద పడితే ఎవరికైనా తప్పదన్నాడు. తను పీకిన కర్ర ఆ మనిషికి గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను గుమ్మం బయటే ఉన్నాను. అన్నీ విన్నాను.

వారంలోపు గట్టు గడ్డిని నీళ్ళ దాకా కోసేశారు. కోసింది బావ కాదు. బండి నేనింక ఎక్కనని తాళం ఇచ్చేశాడు. ఇప్పుడు షెడ్డులో కూర్చుని బంతులు కడుగుతాడు. తీతువులు రెండు రోజులు అక్కడే తిరిగి వెళ్ళిపోయాయి. వానలకి చెరువుకి మళ్ళీ ఆకుపచ్చగా పాచి పట్టింది.

మొన్న ఆదివారం అక్క కుట్టుమిషను కిటికీ పక్కకి మార్చాలంది. నేను సాయానికి వెళ్ళాను. బావ గోడ వారగా నిలబడి, అలవాటుగా ఒక పాదం ముందుకి పెట్టాడు. వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి కొత్త టేపు తీశాడు. అక్క నవ్వలేదు.

నేను రెండో కొస పట్టుకున్నాను.

“బావా, ఆ కర్ర సంగతి...” అన్నాను.

“దాని ఊసెత్తకు. కదలకుండా పట్టుకో. ఎంతుంది?”

“మూడడుగుల నాలుగంగుళాలు.”

“సరిగ్గా చూశావా?”

“చూశాను బావా.”

“అయితే సరే. నువ్వు చూశావుగా, చాలు” అని పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు.