పని అడగకూడని ఇల్లు

ఆ వడ్రంగి చేసేవి శవపేటికలు. అదే చేత్తో చేసిన మంచం మీద పడుకునే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి వేరే పనేదీ అతని దగ్గరికి రాదు. వాళ్లింట్లో ప్రార్థనకు ఒక కట్టుబాటు ఉంది: దేవుణ్ణి అన్నం అడగవచ్చు, పని మాత్రం అడగకూడదు. పెళ్లయిన కొత్తలో భార్య నోరుజారి పని ఇప్పించమనబోతే, అతను కళ్లు తెరవకుండానే మోచేత్తో పొడిచాడు.

"అన్నం పెట్టమను, చాలు. ఎలా పెట్టాలో ఆయనకి మనం నేర్పక్కర్లేదు."

ఒక ఏడాది ఊళ్లో ఎవరూ పోలేదు. సంతోషించాల్సిన విషయమే. కానీ వాళ్ల పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. అతను మాత్రం ఉత్త చెక్కలకు చిత్రిక పట్టుకుంటూ "ఆయనే చూసుకుంటాడు" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. మాటలతో కడుపు నిండుతుందా? ఒక సాయంత్రం అతను బయటికి వెళ్లగానే చల్లారిన పొయ్యి ముందు కూర్చుని అడిగేసింది.

"ప్రభువా, ఒక్క పెట్టె పని ఇప్పించు."

తెల్లారేసరికి ఎవరో తలుపు తట్టారు. కిరాణా కొట్టాయన నిద్రలోనే పోయాడట. నిన్నటిదాకా తక్కెడ పట్టుకుని అందరితో వేళాకోళాలాడిన మనిషి. ఆమెను నోరారా చెల్లెమ్మా అని పిలిచిన మనిషి.

భర్త కొలతలు తెచ్చుకుని చెక్క కోస్తుంటే, ఆమె రంపపు పొట్టులో కూలబడిపోయింది.

"నేనే చంపేశానండీ. పని కావాలని నిన్న నేనే అడిగాను."

రంపం ఆగింది.

"నువ్వడిగితే చంపేవాడైతే, నేనడిగినప్పుడే సగం ఊరు ఖాళీ అయ్యేది" అన్నాడు తలెత్తకుండా. "పోయిన నెల నేనూ అడిగాను. ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయే. మన నోట్లో లేవు."

కట్టుబాటు పెట్టిన మనిషే ఆ మాట అన్నా, ఆమె గుండెల్లో రాయి కదల్లేదు. పెట్టె కొట్టాయన ఇంటికి మోసుకెళ్తుంటే తనూ ఒక చివర పట్టుకుంది.

కొట్టాయన భార్య ఆమెను చూసి లేచి, మూలనున్న బియ్యం మూట తెచ్చింది.

"నిన్న మధ్యాహ్నమే మీ అన్నయ్య నీకోసం కట్టి పెట్టాడు వదినా. చెల్లెమ్మ మొహం వాడిపోయింది, నోరు తెరిచి అడగదు, పొద్దున్నే నేనే ఇచ్చొస్తానన్నాడు."

మధ్యాహ్నం. తను నోరు తెరిచింది సాయంత్రం. ఇంకొకరి చావును అడిగే వేళకే ఇక్కడ అన్నం మూటకట్టి ఉంది. ఆ మూటను ఒళ్లో పెట్టుకుని గొల్లుమంది. అన్న పోయాడని ఏడుస్తోందనుకున్నారు అందరూ. అదీ నిజమే.

ఏడ్చి ఏడ్చి తలెత్తితే, గోడవారగా కొట్టాయన పిల్లలు కనిపించారు. పొద్దుటి నుంచి ఎవరూ వాళ్లకేమీ పెట్టినట్టు లేదు. ఆమె లేచి పొయ్యి వెలిగించింది, ఎసరు పెట్టి మూట విప్పింది.

"అది నీది వదినా" అంది కొట్టాయన భార్య.

"నాదే. అందుకే పెడుతున్నా. నువ్వూ వచ్చి కూర్చో."