తవుడు తీయని అన్నం

జూన్ నెల మొదటి సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నేను పాల చాయ్ మానేశాను. సమయం ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని పాఠకులు అనుమానించవచ్చు. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి, కింద సంతకం కూడా చేశాను కనుక గుర్తుంది. డిగ్రీ పట్టా చేతికి వచ్చిన కొత్త రోజులవి. మా వంశంలో అంత దూరం చదివిన మొదటి మనిషిని కావడం వల్లనేమో, లోకంలో ఏ పనినైనా ముందు కాగితం మీద సక్రమంగా రాసుకుంటే తరువాత అది దానంతటదే జరిగిపోతుందని అప్పట్లో గాఢంగా నమ్మేవాణ్ణి. (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొంచెం మెత్తబడింది, అంతే.)

మాది బళ్ళారి జిల్లాలోని సిరిగేరి. మా నాయన అక్కడి రైసు మిల్లులో పాలిష్ మిషన్ నడుపుతాడు. వడ్ల మీది పొట్టు ఊడిన తరువాత బియ్యం మట్టి రంగులో ఆయన మిషన్‌లోకి వెళితే, తవుడు ఒక వైపుకూ తెల్లని గింజలు ఇంకొక వైపుకూ విడిపోతాయి. ఆయన గుప్పెడు గింజలు తీసుకొని, అరచేతిలో రుద్ది, వెలుతురుకు పట్టి చూసి, “ఇంగొక పట్టు పట్టల్ల” అన్నాడంటే సావుకారు కూడా ఎదురు చెప్పడు. అందుకే మిల్లులో అందరికీ ఆయన ‘పాలిష్ అన్న’. నాయనా అమ్మా చిన్నతనంలో కూలికి పోయి జొన్న సంగటి తిని పెరిగినవాళ్ళు; తెల్లన్నం పండగనాడు మాత్రమే చూసినవాళ్ళు. కనుక మా ఇంట్లో తెల్లన్నమంటే వట్టి తిండి కాదు. నా పట్టా కంటే ముందు మా ఇంటికి వచ్చిన పట్టా అది.

ఆ వేసవిలో నాయన కాలి మీద చిన్న పుండు లేచి, ఎంతకూ మానలేదు. బళ్ళారి తీసుకుపోయాను. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, షుగరు ఉందని చెప్పి, మాత్రలు రాసి, తెల్లన్నం బాగా తగ్గించమన్నాడు. నాయన ఎంతో వినయంగా “సరే సార్” అని బయటికి వచ్చి, బస్టాండు పక్క హోటల్లో పూర్తి భోజనం కానిచ్చాడు. “డాక్టరు అన్నం తగ్గించమన్నాడు కదా నాయనా” అన్నాను. “తగ్గించినా కదప్పా. రెండోసారి అడగలేదు సూడు” అన్నాడు. నవ్వవలసిన మాటే, కానీ నాకు నవ్వు రాలేదు. ఇదే జబ్బుతో మా పెదనాయనకు మోకాలి కింద కాలు తీసేశారు. పుండు మానకపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ పుస్తకం చూసి తెలుసుకోనక్కరలేదు.

నాయన దగ్గర ఉపదేశం పనిచేయదని నాకు తెలుసు. కనుక ముందు నేనే మారి చూపించాలని నిశ్చయించుకున్నాను. పాలు, గుడ్డు, మాంసం, అంటే జంతువుల నుండి వచ్చేది ఏదీ ముట్టకుండా, గింజలూ పప్పులూ ఆకుకూరలూ సాధ్యమైనంత వరకు భూమిలో నుండి వచ్చిన రూపంలోనే తినే పద్ధతి ఒకటుందని ఫోనులో చదివాను. ఒక్కసారిగా కాక మెట్టు మెట్టుగా మానాలని కూడా చదివాను. నాలుగు నెలల ప్రణాళిక రాసి, బళ్ళారి కౌల్ బజార్‌లో లామినేషన్ చేయించి, వంటింటి గోడకు తగిలించాను. అమ్మకు చదువు రాదు కనుక నిలబడి గట్టిగా చదివి వినిపించాను: మొదట పాల చాయ్, తరువాత పెరుగు, గుడ్డు, ఆదివారం కోడి, నెయ్యి, చక్కెర, మైదా, నూనెలో వేయించినవి, చిట్టచివరకు పాలిష్ బియ్యం. అమ్మ పొయ్యి మీది నుండి చూపు తిప్పకుండానే విన్నది. “ఇంగ మిగిలేది నీళ్ళే కదప్పా. అవి గూడ కాగబెట్టకుండా తాగల్లనా?” అన్నది. నాయన మాత్రం చివరి వాక్యం దగ్గర ఆగి, “బియ్యం మానేది నాలుగో నెల కదా. అప్పటికి సూద్దాం” అని సైకిలు తీసుకొని మిల్లుకు పోయాడు.

పట్టుదలలో నాకు లోటు లేదు. మొదటి వారం తలనొప్పితోనే పాఠాలు చెప్పాను (తెక్కలకోటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి). పెరుగు మానిన వారం, శెనక్కాయ విత్తనాలు నానబెట్టి రుబ్బి పాలు తీయమని అమ్మను బతిమాలాను. ఆమె తీసి, గ్లాసు నా ముందు పెట్టి, “ఎనుముకు ఈ సంగతి చెప్పొద్దు, బాధ పడతాది” అన్నది. కొర్రల కోసం మళ్ళీ కౌల్ బజార్ వెళితే, అంగడాయన రెండు కిలోలు తూకం వేస్తూ, “ఎన్ని పక్షులు సాకినారు సార్?” అని మర్యాదగా అడిగాడు. పంజరంలోని పిట్టలకు తప్ప ఆయన దగ్గర కొర్రలు కొనేవాళ్ళు లేరట. ‘ఒకటే, అది నేనే’ అని చెప్పడానికి ధైర్యం చాలక, “ఒకటేనండీ, కొంచెం ఎక్కువ తింటుంది” అని చెప్పి వచ్చాను.

ఇక్కడ ఒక దోషం ఒప్పుకోవాలి. రెండవ నెలలో, ఒక బుధవారం సాయంత్రం తెక్కలకోట బస్టాండులో బస్సు ఆలస్యమైంది. పక్కనే చాయ్ అంగడి. పాలు పొంగే వాసన నా సంకల్పాన్ని చుట్టుముట్టింది. అర కప్పు తాగాను. ఆ తరువాత ప్రతి బుధవారమూ బస్సు ఆలస్యం కావడం మొదలుపెట్టింది (సమయానికి వచ్చిన రోజు నేనే దాన్ని పోనిచ్చాను). ప్రణాళిక ఉన్నది వంటింటి గోడ మీద, గోడ ఉన్నది సిరిగేరిలో, నేనున్నది తెక్కలకోటలో అని మనస్సుకు నచ్చజెప్పుకున్నాను. తర్కశాస్త్రం చదవకుండానే ఇంత తర్కం వచ్చింది నాకు.

నాలుగవ నెల వచ్చింది. మిల్లుకు వెళ్ళి, పాలిష్‌కు పోకముందే నాకు అర బస్తా తీసి ఇవ్వమని నాయనను అడిగాను. ఆయన మిషన్ మీద చెయ్యి వేశాడు. “నిన్ను సదివించింది ఇదే. దీన్ని దాటేసి బియ్యం ఇంటికి రావల్లనా?” అన్నాడు. అయినా తీసి ఇచ్చాడు. “నీకొక్కనికే” అని మాత్రం రెండుసార్లు చెప్పాడు. అమ్మ చిన్న గిన్నెలో నాకు విడిగా వండేది. తెల్లన్నానికి పోసినన్ని నీళ్ళే పోయడంతో మొదటిరోజు అది గులకరాళ్ళలా మిగిలింది. ముందే నానబెట్టాలని తరువాత తెలిసింది.

నా పెద్ద తప్పు ఆ మరుసటి వారం జరిగింది. అమ్మ తెల్లవారుతూనే చుట్టాల ఇంటికి పోతూ, నాయన క్యారియర్ నింపే పని నాకు అప్పగించింది. నేను ఏ మాత్రం సంకోచం లేకుండా అందులో నా అన్నం పెట్టాను. పుంటికూర పప్పు పెట్టాను. పెరుగు పెట్టలేదు. చెప్పనూ లేదు. ఒక్కసారి రుచి తెలిస్తే ఆయనే మారతాడని నా శాస్త్రీయ అంచనా. మిల్లులో ఎవరూ ఒంటరిగా తినరనీ, బస్తాల పక్కన గుండ్రంగా కూర్చొని డబ్బాలన్నీ ఒకేసారి తెరుస్తారనీ తెలిసి కూడా మరిచాను.

సాయంత్రం నాయన వచ్చి, తన క్యారియర్ తానే కడిగి బోర్లించాడు. ఎన్నడూ చేయని పని. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సంగతి మరునాడు పక్కింటివాళ్ళ ద్వారా అమ్మకు తెలిసి, అమ్మ ద్వారా నాకు చేరింది. డబ్బా మూత తీయగానే హమాలీల పెద్ద చూశాడట. ఆయనను అందరూ మూటల మామ అంటారు. బస్తా ఎంత సులభంగా ఎత్తుతాడో ఎదుటివాడి పరువు అంత సులభంగా దించుతాడు. “ఏం పాలిష్ అన్నా, మిషన్ ఈడ చెడిందా, ఇంట్లో చెడిందా?” అన్నాడట. ఇంకొకరు, “సావుకారు తవుడు యాడికి పోతాందో ఇప్పుడు తెలిసె” అన్నారట. నాయన మూత పెట్టేశాడు. మాత్ర వేసుకొని ఉన్నాడు, అన్నం తినలేదు. కాసేపటికి కళ్ళు తిరిగి బస్తాల మీద కూలబడితే, ఎవరో బెల్లం నీళ్ళు తాపి లేపారట.

చెప్పడం ముగించి అమ్మ అన్నది: “నీ సదువుతో ఆయప్ప తలెత్తుకుంటాడనుకుంటిమి.” పొయ్యి దగ్గరికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం బడి ఒంటిపూటే. నేను నా డబ్బాలో అదే అన్నం, అదే పప్పు పెట్టుకొని తిన్నగా మిల్లుకు వెళ్ళాను. భోజనాల వేళ. మూటల మామ చూసి, “రాండి మేష్ట్రు, కూసోండి. తవుడు తెచ్చినారా?” అని చోటిచ్చాడు. నేను కూర్చోలేదు. ముందురోజే తయారు చేసుకున్న వాక్యాలు నిలబడి చెప్పాను. “మంగళవారం మా తండ్రిగారి డబ్బాలో ఆ అన్నం పెట్టినది నేను. వారికి తెలియజేయకుండా పెట్టాను. అపరాధం పూర్తిగా నాది.” ‘తండ్రిగారు’ అనే మాట ఆ మిల్లులో అదే మొదటిసారి వినిపించి ఉంటుంది. నవ్వు తగ్గడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు కూర్చొని డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టాను. నాయన ఎదురుగా ఉన్నాడు. నా వైపు చూడలేదు.

మామ నా డబ్బాలో నుండి నాలుగు మెతుకులు తీసి నమిలాడు. “మా యవ్వ రోకలితో దంచి వండితే ఇట్లే ఉండె. అది తినలేకనే మీ నాయన మిషన్ కాడికి వచ్చె. నువ్వు సదివి సదివి మళ్ళా మా యవ్వ కాడికే పోయినావు” అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “అన్నీ మానేసినారంట కదా మేష్ట్రు. పాల చాయ్ గూడనా?” అని అడిగాడు. “అవును” అన్నాను, ఎంతో గంభీరంగా.

“హౌదా, అవునా. మరి బుధవారం తెక్కలకోట బస్టాండులో చాయ్ తాగేది ఎవరప్పా? మీ అన్ననా?”

నాకు అన్న లేడు. మిల్లు పైకప్పు అదిరేలా నవ్వుతున్నారు. తండ్రి పరువు నిలబెట్టడానికి వచ్చి, మిగిలిన ఆ కాస్త కూడా నేనే పోగొట్టానని అర్థమైంది.

అప్పుడు నాయన లేచాడు. తన డబ్బా తీసుకొచ్చి మామ ముందు పెట్టి, నా పక్కన కూర్చొని, నా డబ్బా తన ముందుకు లాక్కున్నాడు.

“అర కప్పు తాగినాడు. నాకు రెండు నెలల్నుంచి తెలుసు. తొమ్మిది మానల్లని రాసుకోని ఎనిమిది మానినాడు. నువ్వు బీడీ ఎన్నిసార్లు మానినావో చెప్పప్పా.”

నవ్వు తిరిగి మామ వైపుకు పోయింది. నాయన మాత్రం నవ్వలేదు. “మా అన్నకు కాలు తీసింది అందరూ సూసినారు. నాకు తీయకూడదని వీడు ఇదంతా చేస్తాండాడు. నవ్వేవాళ్ళు నవ్వండి” అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అందరూ చూస్తూ ఉండగా నిదానంగా, చాలాసేపు నమిలాడు. తరువాత నా వైపు తిరిగి, నాలుగు రోజుల్లో మొదటి మాట అన్నాడు: “పప్పులో ఉప్పు ఎక్కువైంది.”

ఆయన చిక్కు అక్కడి నుండి మొదలైంది. అంతమంది ముందు అంత మాట అన్న తరువాత, సోమవారం తెల్లన్నం తీసుకొని ఏ ముఖంతో వెళతాడు? నా ప్రణాళిక చేయలేని పనిని ఆయన మాటే చేసింది. నా వైపు నుండి చెప్పాలంటే, ఆ తరువాతి బుధవారం బస్సు గంట ఆలస్యమైంది. నిలబడ్డాను. తాగలేదు. ఇప్పటి వరకూ తాగలేదు.

నాయన కోడి మానడానికి ఏడాది పట్టింది, పెరుగు మానడానికి ఇంకొక ఏడాది. అమ్మ మజ్జిగ మానలేదు. మానమని నేను అడగలేదు. నాయన పుండు మానింది. అది అన్నం వల్లనో, మాత్రల వల్లనో, అమ్మ రోజూ కడిగి కట్టిన కట్టు వల్లనో నేను చెప్పలేను. సైన్సు మేష్ట్రుగా చెప్పకూడదు కూడా. కాగితంతో తండ్రిని మార్చబోయిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్లవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. అంత శ్రద్ధగా, అంత తప్పుగా ఒక పని చేయడం ఇప్పుడు నాకు చేతకాదు. నాయన ఇంకా పాలిష్ మిషన్ దగ్గరే ఉన్నాడు, రెండు కాళ్ళ మీద నిలబడి. తెల్లన్నాన్ని గబగబా తినేసి లేచిపోయేవాడు. ఈ అన్నం నమలడానికి సమయం పడుతుంది కనుక, ఆదివారం మధ్యాహ్నాలు మేమిద్దరం కాస్త ఎక్కువసేపు కూర్చుంటున్నాం, మాట్లాడుకుంటున్నాం.