తుల్సీరాం చూపించే ఏనుగు బండ

తుల్సీరాం బండి ఎక్కినవాళ్లెవరూ వెళ్లాలనుకున్న చోటికి నేరుగా వెళ్లింది లేదు. దారిలో కనిపించే ప్రతిదీ చూసి తీరవలసిన వింతేనని ఆయన నమ్మకం. లక్నవరం చెరువుకని బయలుదేరిన కుటుంబాలు మధ్యలో ఓ వంగిన తాటిచెట్టునూ, మూతపడ్డ రైస్ మిల్లునూ, నీళ్లు లేని బావినీ చూసి, అసలు చెరువు దగ్గరికి పొద్దు వాలే వేళకు చేరేవి. బండి వెనక అద్దం మీద ఎర్రరంగుతో ‘చూసి పోదాం’ అని రాయించుకున్నాడు. ఆ మాటను ఆయన బెదిరింపులా అమలు చేసేవాడు.

నర్సింహులపేట పక్కనున్న తండా ఆయనది. ఒకసారి పెళ్లివారిని తీసుకెళ్తూ మరిపెడ దాటగానే బండి ఆపి, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ చూపించాడు.

“మోరీల ఏమున్నదే, తుల్సీరాం?” అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

“ఒక కూతేసి చూడు, బాపు. నీ గొంతు నీకే నచ్చుతది.”

పట్టుపంచెలు ఎగ్గట్టి మగవాళ్లంతా వంగి మోరీలోకి కూతలు వేశారు. ఆడవాళ్లను మాత్రం ఆ మోరీ దరిదాపులకు రానివ్వలేదు. రోడ్డుకు ఆవలనున్న పెంకుటింటికి పంపించాడు.

“ఆ ఇంట్ల ఏం వింతున్నది?” అని మేనమామే అడిగాడు.

“అది ఆడోళ్లకే సమజయితది. మొగోళ్లకు ఒక దిక్కు, ఆడోళ్లకు ఒక దిక్కు. ఎవల వింత వాళ్లదే.”

ఈ కథలన్నీ వసంత తన భర్త ఎల్లేశ్ నోట విన్నవే. చెప్పేది ఎప్పుడూ మగవాళ్లే. ఆడవాళ్లు ఎందుకో చిన్నగా నవ్వి ఊరుకునేవాళ్లు. బండి మాట్లాడాల్సి వస్తే మాత్రం తుల్సీరాం బండే కావాలని పట్టుబట్టేవాళ్లు. భర్త మోటార్ సైకిల్ మీద తప్ప తిరగని వసంతకు ఆ సంగతి అంతుపట్టేది కాదు.

ఎల్లేశ్‌కు అన్నిటికంటే కోపం ఏనుగు బండ మీద. మానుకోట దాటి గూడూరు వెళ్లే తోవలో ఉన్న ఆ రాయిని తుల్సీరాం ఆయనకు ఇప్పటికే చాలాసార్లు చూపించాడు.

“ఏనుగు ఏది, అన్నా?”

“ఎనుక నుంచి చూడాలె, తమ్మీ.”

వెనక్కి వెళ్లి చూశాడు. “తొండం ఏది?”

“గంత దగ్గరికి పోతె ఎట్ల కనబడ్తది? జర దూరం పో.”

దూరం వెళ్లాడు. “ఇప్పుడు అసలు రాయే కనబడ్తలేదు.”

“కండ్లు సగం మూసి చూడు. నీకు సబర్ లేదు, ఓపిక లేదు తమ్మీ, ఏనుగుది ఏం తప్పు లేదు.”

వానలు దండిగా పడ్డ ఆ ఏడు, భీముని పాదం జలపాతం చూసి రావాలని ఇంట్లో అనుకున్నారు. ఎల్లేశ్ తల్లి వెంకటనర్సమ్మకు ఆ నీళ్లలో ఒక్కసారి కాళ్లు పెట్టి నిలబడాలని పెళ్లికాని రోజుల నుంచీ కోరిక. కాని ఎక్కడికి రమ్మన్నా “మీరు పోయి రండ్రి, ఇల్లు నేను చూసుకుంట” అనేది. రెండుసార్లు బయలుదేరి కూడా, సగం దారిలో కడుపునొప్పి అని బండి వెనక్కి తిప్పించింది. ఈసారి మాత్రం వసంత వదల్లేదు. చాలా బతిమాలాక అత్తగారు ఒక్క షరతు పెట్టింది.

“తుల్సీరాం బండైతె వస్త.”

ఎల్లేశ్ తల పట్టుకున్నాడు. అయినా తల్లి మాట కాదనలేక బండి పిలిపించి, ఎక్కేముందే గట్టిగా చెప్పాడు. “అన్నా, ఇయ్యాల ఒక్క వింత గూడ వద్దు. ఆపినవో, ఆడనే దిగి వేరే బండి చూసుకుంటం. సీదా భీముని పాదం.”

“సీదానా?” అన్నాడు తుల్సీరాం, ఎవరో చెడు వార్త చెప్పినట్టు.

“సీదా.”

వెంకటనర్సమ్మ తన చేతిలోని నీళ్ల సీసాను చప్పుడు లేకుండా సీటు కింద పెట్టేసింది.

బండి కదిలింది. వంగిన తాటిచెట్టు వెళ్లిపోయింది, నీళ్లు లేని బావి వెళ్లిపోయింది. తుల్సీరాం వాటి వైపు చుట్టాలను పలకరించకుండా పోతున్నవాడిలా చూస్తూ నడిపాడు. పత్తి చేల మీద మబ్బుల నీడలు నింపాదిగా ఈదుతున్నాయి. మానుకోట దాటేసరికి వెంకటనర్సమ్మ ముఖం ముడుచుకుపోయింది. కొంగు పిడికిట్లో నలుగుతోంది.

“నీళ్లు తాగుతారా, అత్తమ్మా?”

“వద్దు బిడ్డ. కడుపుల నొస్తున్నది. మర్లి పోదాం.”

వసంతకు తెలుసు. ఈసారి వెనక్కి తిరిగితే ఈమె ఇంక గడప దాటదు.

“మళ్లనా, అవ్వా?” అన్నాడు ఎల్లేశ్. “సరే. అన్నా, బండి మర్లియ్యి.”

తుల్సీరాం బండి తిప్పలేదు. రోడ్డు దింపి, ఓ పెద్ద బండ పక్కన ఆపి, ఇంజను కూడా ఆర్పేశాడు.

“ఏనుగు బండ. చూసి పోదాం.”

“అవ్వకు పాణం బాగలేదంటే ఏనుగంటవేంది? నీకు దిమాక్ ఉన్నదా?”

“ఉన్నది తమ్మీ. అందుకే ఆపిన. మొగోళ్లు బండ దిక్కు. ఆడోళ్లు ఆ మిల్లు ఎనుక దిక్కు. చెల్లె, అవ్వను తోలుకపో. నిమ్మలంగ చూసి రండ్రి, తొందర లేదు.”

మూతపడ్డ రైస్ మిల్లు వెనక ఓ చిన్న ఇల్లు, ఇంటి పక్కన సున్నం వేసిన బాత్‌రూం. దానికి గట్టి గొళ్లెం, లోపల నిండు బకెట్టు, కొత్త సబ్బు. గుమ్మంలో నిలబడ్డ ఆమె పేరు సుమిత్ర. ఏమీ అడగకుండానే వెంకటనర్సమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

“తుల్సీరామన్న పొద్దుగాలనే ఫోన్ చేసిండు,” అంది వసంతతో. “ఆడోళ్లున్నరు, నీళ్లు పట్టి పెట్టుమని. ఎప్పుడొచ్చినా గిదే ముచ్చట. తొవ్వపొంటి గిసొంటి ఇండ్లన్ని ఆయనకు ఎరికే. కొడుకుల ముందట, అల్లుండ్ల ముందట ‘జర ఆపుండ్రి’ అని ఏ ముసలామె నోరిడిసి అడుగుతది చెప్పు. బయలెల్లేముందు నీళ్లు తాగుడే బందువెడ్తరు.”

వసంతకు మోరీ గుర్తొచ్చింది, దాని ఎదుటి పెంకుటిల్లు గుర్తొచ్చింది. ఊళ్లో ఆడవాళ్ల చిన్న నవ్వు అర్థమైంది.

వెంకటనర్సమ్మ బయటకు వచ్చింది. మబ్బు విడిన చేనులా ఉంది ముఖం. సుమిత్ర ఇచ్చిన చెంబెడు నీళ్లూ గటగటా తాగేసింది.

“కడుపునొప్పి ఎట్లున్నది, అత్తమ్మా?”

“ఏం కడుపునొప్పి? నడువు, జల్ది పోదాం.”

బండి దగ్గర ఎల్లేశ్ ఇంకా తొండం వెతుకుతున్నాడు. వసంత తుల్సీరాంకు మాత్రమే వినపడేలా అంది. “గిది ఏనుగు బండ కాదు కద, అన్నా.”

“ఎందుక్కాదు?” ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. “మంచిగ చూడలేదు నువ్వు.”

భీముని పాదం దగ్గర నీళ్లు తెల్లటి నూలులా రాతి మీంచి జారుతున్నాయి. చీర కుచ్చిళ్లు తడుస్తున్నా పట్టించుకోకుండా వెంకటనర్సమ్మ వాటిలో నిలబడి, చిన్నపిల్లలా కాళ్లు ఆడించింది. ఒడ్డున వసంత భర్త చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఎల్లేశ్ బండి దాకా వెళ్లి, సీటు కింద ఉన్న నీళ్ల సీసా తెచ్చి తల్లి చేతికిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో వెంకటనర్సమ్మ వెనక సీటు నుంచి అందరికీ వినపడేలా అంది. “తుల్సీరాం, ఆ ఏనుగు బండ ఇంకొకపారి జూద్దాం.”

“చూద్దాం, అవ్వా.”

బండి ఆగీ ఆగకముందే ఎల్లేశ్ దిగి, తల్లికి తలుపు తీసి, రాయి దిక్కు వెళ్లిపోయాడు. మిల్లు వైపు వీపు తిప్పి, చేతులు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

“అన్నా, తొండం కనబడ్డది.”

“చెప్పలేదా?” అన్నాడు తుల్సీరాం గర్వంగా. “జర నిలవడ్డోళ్లకే కనబడ్తది.”

అత్తగారి చెయ్యి పట్టుకుని మిల్లు వెనక్కి నడుస్తూ వసంత కేకేసింది.

“మాకు జర సేపు పడ్తది. తోక గూడ చూసి రండ్రి.”